ఏ శ్రుతికి?

ఊద్‌కి పూర్వం పేగుతీగలు, పట్టుతీగలు కట్టేవాళ్లు. ఇప్పుడు సన్నవాటికి నైలాను, మంద్రానికి రాగి చుట్టిన తీగలు. 9వ శతాబ్దంలో అల్ కిందీ నాలుగు తీగల్ని ఒంట్లోని నాలుగు ధాతువులతో జతచేశాడు. జిర్యాబ్ అయిదోది కలిపాడంటారు, ఆత్మ కోసమట!

"మీ వాద్యమేగా" అంటాడు ఖమ్మంలో మిత్రుడు. మా ఇంట్లో ఊద్‌ని చూసినవాళ్లే లేరు. మేం దూదేకులవాళ్లం. మా తాత మోగించిన తీగ దూదేకే వింటి నారి. అదీ పేగే. భద్రాచలం అడవి అంచు పల్లెల్లో ఆ మోత వినబడితే పాత పరుపులు బయటికొచ్చేవి.

తీగని దాని శ్రుతి దాటి బిగిస్తే తెగుతుంది. మమ్మల్ని మాత్రం అరబ్బు శ్రుతికి బిగుసుకోమని మసీదులో, తంబూర శ్రుతికి దిగమని బజారులో.

నైలాను కట్టుకున్న ఊద్‌ని నువ్వింకా ఊద్‌వేనా అని ఎవరూ అడగలేదు. పంచె కట్టుకున్న తాతని "నువ్వు ముసల్మానువేనా" అని ప్రతి జుమ్మాకీ అడిగారు.