పిల్లి తిరిగే ఇంట్లోకి

పిల్లులున్న ఇంట్లోకి పెద్దజాతి కుక్కని తెచ్చుకోవచ్చా? ఈ ప్రశ్నని మావాళ్ళు ఇద్దర్ని అడుగుతారు. మౌల్వీసాబ్‌ని అడిగితే తేవచ్చో కూడదో చెబుతాడు. పశువుల డాక్టర్ని అడిగితే ఎలా తేవాలో చెబుతాడు. ఆ ఇంట్లో ముందునుంచీ ఉన్న పిల్లికి తెచ్చినవాడు ఏం బాకీ పడతాడన్నది మాత్రం ఎవరూ అడగరు. మేము ఆ బాకీ గురించి మాట్లాడదలిచాం.

'మీ తురకలకి కుక్క పడదటగా' అంటుంటారు మమ్మల్ని. అది సగం నిజం. కుక్క మూతిపెట్టిన గిన్నెని ఏడుసార్లు కడగాలనీ, అందులో ఒకసారి మట్టితో తోమాలనీ హదీసుంది. కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారన్న హదీసూ ఉంది. అదే సంప్రదాయంలో వేటకీ, మందకీ, పొలానికీ కుక్కని పెట్టుకోవచ్చన్న మినహాయింపు ఉంది. నేర్పిన జంతువు పట్టితెచ్చిన వేట హలాలని ఖురాన్ 5వ సూరాలోనే ఉంది. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకి బావిలోంచి తన చెప్పుతో నీళ్ళు తోడిపోసినందుకు ఒక వేశ్యకి క్షమ దొరికింది. పిల్లిని కట్టేసి ఆకలితో చంపినందుకు ఒకామె నరకానికి పోయింది. కుక్క మొత్తం నాపాక్ అని షాఫయీలంటారు. దాని ఎంగిలి నాపాక్ అని హనఫీలంటారు. బతికున్న ఏ జంతువూ నాపాక్ కాదని మాలికీలంటారు. మేము ఎక్కువమందిమి హనఫీలమే గనక మా తగువు ఎంగిలి దగ్గర, ఒంటి దగ్గర కాదు.

పిల్లి సంగతి వేరు. అబూ ఖతాదా తన వజూ నీళ్ళ గిన్నెని పిల్లి తాగేందుకు వొంచి పట్టుకున్నాడు. చూసి ఆశ్చర్యపోయిన కోడలికి ప్రవక్త మాట చెప్పాడు: అది నాపాక్ కాదు, మీ చుట్టూ తిరుగుతుండేవాటిలో ఒకటి. మాకు ఈ మాట చాలా ఇష్టం. పిల్లి హక్కుకి కాగితం లేదు, వంశవృక్షం లేదు. చుట్టూ తిరగడమే దాని పట్టా. అందుకే మా ఇళ్ళల్లో పిల్లి దస్తర్‌ఖాన్ పక్కన కూర్చుంటుంది, జానమాజ్ మీద పడుకుంటుంది, దాదీమా కూడా అదిలించదు.

మాచర్ల నుంచి సాగర్ రోడ్డు మీద ఎత్తిపోతలకి పోతుంటే మిరపచేలు, తండాలు, మందలు కనిపిస్తాయి. కుక్కలేని తండా ఉండదు. సాయిబుల మేకలకీ కాపలా కుక్కే. అక్కడ కుక్కా పిల్లీ తగువు రాలేదంటే కారణం పెద్దదేం కాదు, కుక్క గడప అవతల, పిల్లి ఇవతల. 70 అడుగుల ఎత్తునుంచి చంద్రవంక దూకే ఆ చోట దత్తాత్రేయుడి గుడి ఉంది, లంబాడీలు మొక్కుకునే గుడి. దత్తాత్రేయుడి పటాల్లో కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలుంటాయి, వాటిని నాలుగు వేదాలంటారు. ఖురాన్ 18వ సూరాలో గుహలో ఏళ్ళతరబడి నిద్రపోయిన యువకుల కథ ఉంది. వాళ్ళ కుక్క గుమ్మం దగ్గర ముందుకాళ్ళు చాపి పడుకునుంటుంది. వాళ్ళని లెక్కపెట్టినప్పుడల్లా కుక్కని కూడా కలిపే లెక్కపెడతారు. (మరాఠీ కథల్లో దత్తుడు మలంగు ఫకీరు వేషంలో కూడా వస్తాడు. పటం గీసినవాళ్ళు మనకంటే ధారాళంగా ఉండేవాళ్ళు.)

ఇప్పుడొస్తున్నది వేరే కుక్క. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్. మంద లేదు, చేను లేదు. డాబా ఇల్లూ, ఇనుప గేటూ ఉన్నాయి, కుక్క నేరుగా గడప ఇవతలికే వస్తుంది. 30, 40 కిలోల బరువు. గ్రేట్ డేన్ అయితే 50 కూడా దాటుతుంది. పిల్లి నాలుగు కిలోలు. మొదటిరోజే రెండిట్నీ ఎదురెదురుగా వదిలి 'అవే సర్దుకుంటాయిలే' అంటారు. అవి సర్దుకోవు. చిన్నది సర్దుకుంటుంది. మంచం కిందికి, అటక మీదికి, చివరికి పక్కింటికి.

నిదానంగా చెయ్యాలి. ముందు వేర్వేరు గదులు. ఒకదాని ఒళ్ళు తుడిచిన గుడ్డని రెండోదాని దగ్గర వెయ్యాలి, వాసనే వాటికి మొదటి పలకరింపు. మూసిన తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె పెట్టి తినిపించాలి. తర్వాత తలుపు సందులోంచి చూడనివ్వాలి. ఆ తర్వాత కుక్క మెడకి గొలుసుండగా ఒకే గదిలో కాసేపు. పిల్లికి బీరువా మీదో గూట్లోనో కుక్కకి అందని చోటుండాలి, పారిపోయే దారి తెరిచుండాలి. కుక్క ఒళ్ళు బిగబట్టి కళ్ళార్పకుండా చూస్తుంటే ఆరోజుకి ఆపెయ్యాలి. వారాలు పడుతుంది, కొన్నిళ్ళలో నెలలు. అన్నాళ్ళూ రెండిట్నీ ఒంటరిగా వదలకూడదు. వాటి భాషలూ వేరు. కుక్క తోకాడిస్తే చాలాసార్లు సంబరం, పిల్లి తోక విసిరికొడుతుంటే చిరాకు. కుక్క ముందుకాలెత్తితే ఆట, పిల్లి ముందుకాలెత్తితే హెచ్చరిక.

ఈ పద్ధతిలో మేము గమనించిందొకటుంది. గొలుసు పెద్దదాని మెడకే. భయం పోగొట్టుకో అని పిల్లిని బుట్టలో పెట్టి కుక్క ముందుంచమని తెలిసినవాడెవడూ చెప్పడు. గదిలో పెట్టి కొడితే పిల్లైనా పులవుతుందని తెలుగువాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. ఆ పులి కుక్క కన్ను గీరితే, అప్పుడు మాత్రం పిల్లి బుద్ధి మంచిది కాదంటారు. 'మా కుక్క ఏమీ చెయ్యదండీ' అని కుక్కగలవాళ్ళంతా చెప్పేమాట అబద్ధం కాకపోవచ్చు. కానీ 35 కిలోలు ముచ్చటపడి మీద పడ్డా నాలుగు కిలోల పక్కటెముకలు విరుగుతాయి. పెద్దదాని మనసులో ఏముందన్నది ఒక లెక్క, చిన్నదాని ఒంటికి ఏమవుతుందన్నది ఇంకో లెక్క. మన దేశంలో మొదటి లెక్కే ఎక్కువ అడుగుతారు.

విశ్వాసం అన్న ఒక్కమాటకి తెలుగులో రెండర్థాలు. దేవుడి మీద ఉండేదీ విశ్వాసమే, కుక్కకి ఉండేదీ విశ్వాసమే. పిల్లికి విశ్వాసం లేదంటారు, అది ఇంటిని అంటిపెట్టుకుంటుంది గానీ మనిషిని కాదని ఫిర్యాదు. ఇంటిని అంటిపెట్టుకోవడం తక్కువా? మా మొదటి విశ్వాసాన్ని చూసి రెండో విశ్వాసానికి రుజువు అడగడం మాకు అలవాటైపోయింది గనక ఈ మాట గుచ్చుకుంటుంది. తోకాడించడం రానివాటికి కూడా ఇంట్లో చోటుండాలి గదా.

ఇక్కడ సెక్యులర్ మిత్రుడు నొచ్చుకోవచ్చు, 'అయితే మీరు పిల్లి, మేము కుక్క అన్నమాట' అని. ఆ మాట మేము అనటం లేదు. కుక్క తన ఒడ్డూపొడుగూ తాను ఎంచుకోలేదు, ఆ ఇంటినీ ఎంచుకోలేదు. బాకీ కుక్కది కాదు, తెచ్చినవాడిది. పైగా మేము ఎప్పుడూ పిల్లులమే అనుకోవడం కూడా మాకు సుఖమైన అబద్ధం. దూదేకుల ఇంటి పిల్లని సంబంధానికి వద్దన్న సయ్యదింట్లో ఎవరు ఎన్ని కిలోలు? అత్తారింటి నుంచి ఏడుస్తూ వచ్చిన కూతురికి 'సర్దుకోమ్మా' అని చెప్పి పంపేసిన అబ్బా, 'అవే సర్దుకుంటాయిలే' అన్నవాడూ ఒకే మాట అన్నారు.

ఎంత ఓపికపట్టినా కొన్నిళ్ళలో కుదరదు. వేటబుద్ధి బలంగా ఉన్న కుక్క ఉంటుంది, భయం తీరని పిల్లి ఉంటుంది. పిల్లి పూర్తిగా తిండి మానేస్తే చూస్తూ కూర్చోకూడదు, రోజులతరబడి పస్తుంటే దాని కాలేయం దెబ్బతింటుంది, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. అప్పుడు ఇంట్లోంచి ఎవరు పోవాలన్న మాటొస్తుంది. ముందున్నది పోకూడదన్నది మా తీర్పు. కుక్కకి మరో మంచిల్లు వెతకాలి, శ్రమా ఖర్చూ తెచ్చినవాడివే. రాత్రిపూట బండిలో తీసుకుపోయి, చూడ్డానికొచ్చినవాళ్ళ ఎంగిలి తిని బతుకుతుందిలే అని ఎత్తిపోతల దగ్గర వదిలేసి రావడం వెతకడం కాదు. ఇన్నాళ్ళూ అది కూడా వాళ్ళ చుట్టూ తిరిగిందే, పిలవగానే బండెక్కింది.