నేల మీద శాసనము

పలువురి మేలు కొరకు ఒకని చేతిని పట్టి ఆపుటకు రాజ్యమునకు అధికారము కలదా? కలదనుట సులభమే. కాని ఆ చేతికి ఆ పనిని అలవరచినది రాజ్యమే యైనచో సమాధానము అంత సులభము కాదు. పంజాబు రైతు చరిత్రయే ఇందుకు నిదర్శనము.

1960 దశకమున దేశము తిండిగింజలకై విదేశపు ఓడల కొరకు ఎదురుచూచుచుండెను. మద్దతు ధరయు, కొనుగోలు హామీయు, 1997 నుండి ఉచిత విద్యుత్తును లభింపగా గోధుమ నేలపై వరి వ్యాపించినది. అది ప్రధానముగా దేశపు గాదెలు నింపిన పంటయే గాని అక్కడి వారి నిత్యాహారము కాదు. గాదెలు నిండుచుండగా బావులు అడుగంటినవి. అంతట 2009లో ఒక శాసనము పుట్టినది: జూన్ 10వ తేదికి ముందు నాట్లు వేయరాదు. మండువేసవిలో ఆవిరియగు నీరు మిగులవలెనని దాని ఉద్దేశము.

ఉద్దేశము మంచిదే. అయితే నాటు ఆలస్యమైనచో కోతయు ఆలస్యమగును. కోతకును గోధుమ విత్తుటకును నడుమ గడువు కుదించుకొనిపోయినది. యంత్రము విడిచిన కొయ్యకాళ్లను తొలగించుటకు రైతు చేతిలో అగ్గిపుల్ల కంటె చౌకైన సాధనము లేదు. పొగ నగరములను కమ్మినది. 2015లో జాతీయ హరిత న్యాయస్థానము దహనమును నిషేధించి, కమతమును బట్టి 2,500 మొదలు 15,000 రూపాయల వరకు సొమ్ము వసూలు చేయుమన్నది. పొగ మాత్రము ఆగలేదు.

ఇప్పుడు మరియొక ఆక్షేపణ వచ్చినది. నీరు నిలిచిన వరిమడి నుండి మీథేన్ వెలువడి భూగోళమును వేడెక్కించును. మడిని నడుమ నడుమ ఆరబెట్టినచో అది తగ్గును. నిజమే. కాని ఆరిన మడిలో కలుపు పెరిగి పంట తగ్గినచో ఆ నష్టము ఎవరిది? చల్లదనము లోకమంతటిది, అప్పు ఒక్కనిది.

దీనిని బట్టి శాసనమే వలదనుట న్యాయము కాదు. గాలికి గట్టు లేదు. పుట్టబోవు బిడ్డకు ఓటు లేదు. వాని పక్షమున పలుకుటకు చట్టము కావలెను. ఎండిన బావి మొదట ముంచునది రైతు మనుమనినే. అయినను వరిని కొన్నంత నమ్మకముగా పప్పుధాన్యములను, మొక్కజొన్నను కొనని రాజ్యము, వరి మానుమని ఆజ్ఞాపించుట ధర్మము కాదు. భారమును పంచుకొన్న వాని మాటయే శాసనము. తక్కినది దండన మాత్రమే.