రోగి రహస్యం కూడా అమానతే

అమానతు అనగానే మనకు గుర్తొచ్చేది డబ్బు, నగలు, పొలం కాగితాలు. ఊరు వెళ్తూ ఎవరైనా మన దగ్గర దాచిన సొమ్మును చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించాలని పిల్లలకు కూడా నేర్పుతాం. అయితే మనిషి తన సొమ్ముకన్నా విలువైనదాన్ని మరొకరి చేతిలో పెట్టే సందర్భం ఒకటుంది. అతను జబ్బుపడినప్పుడు తన శరీరం గురించిన నిజాన్ని డాక్టరుకు అప్పగిస్తాడు. కన్నతల్లికి చెప్పుకోలేనిది, అన్నదమ్ముల దగ్గర దాచినది అక్కడ విప్పి చెబుతాడు. ఆ నిజం ఇప్పుడు కేసు షీటులో, ఆసుపత్రి కంప్యూటరులో, చివరికి మన సెల్‌ఫోనులో కూడా నిలిచి ఉంటోంది. దాన్ని ఎవరు చూడాలి? ఎవరి నుంచి దాచాలి? ఎప్పుడు చెప్పి తీరాలి? ఇది ఆసుపత్రి వాళ్ళ వ్యవహారమని మనం తప్పుకోలేం. ఎందుకంటే ఈ అమానతు నేడు మన ఇళ్ళలో కూడా ఉంది.

రాయటం ఒక సాక్ష్యం

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు (బఖరా సూరా, 282) అప్పుపత్రం రాసుకోవటం గురించి వచ్చింది. రాసేవాడు న్యాయంగా రాయాలనీ, రాయటానికి నిరాకరించరాదనీ, రాసినవాడికి గానీ సాక్షికి గానీ హాని కలిగించరాదనీ అందులో ఆదేశం ఉంది. నాలుగు రూపాయల బాకీకే ఇంత జాగ్రత్త అవసరమైతే, ప్రాణానికి సంబంధించిన రాతకు ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి. మన పూర్వ వైద్యులు ఈ సంగతి గ్రహించారు. అబూబక్ర్ అర్ రాజీ రోగులను పరిశీలించి రాసుకున్న వివరాలను ఆయన మరణానంతరం 'అల్ హావీ' అనే బృహద్గ్రంథంలో కూర్చారు. శతాబ్దాల పాటు వైద్యులు దానినుంచి నేర్చుకున్నారు.

మన విశాఖపట్నం ఈ పాఠాన్ని కన్నీటితో చదువుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు వెలువడింది. 12 మంది మరణించారు. వందలాది మందిని కింగ్ జార్జి ఆసుపత్రికీ, ఇతర ఆసుపత్రులకూ తరలించారు. అలాంటి వేళ స్పృహలేని మనిషి పేరేమిటో, ఊరేమిటో చెప్పేవారు కూడా పక్కన ఉండకపోవచ్చు. అప్పుడు రిజిస్టరులో పడిన ప్రతి పేరూ, ప్రతి పరీక్ష ఫలితమూ భవిష్యత్తుకు సాక్ష్యమే. ఆనాడు ఆ గాలి పీల్చిన బిడ్డకు పదేళ్ళ తర్వాత ఊపిరి సమస్య వస్తే, "ఈ బిడ్డ ఆ రోజు అక్కడే ఉంది, ఈ పరీక్ష చేశాం" అని చెప్పగలిగేది ఆ కాగితం ఒక్కటే.

ఇది ఊహ మాత్రమే కాదు. భోపాల్‌లో గ్యాసు ప్రమాదం 1984 డిసెంబరులో జరిగింది. బాధితుల వైద్య రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించి, ప్రతి ఒక్కరికీ ఆరోగ్య పుస్తకం, స్మార్ట్ కార్డు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2012 ఆగస్టులో. అంటే 27 ఏళ్ళు దాటిన తర్వాత! సరైన రాత లేకపోతే బాధితుడు తన బాధను తానే నిరూపించుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. జబ్బుపడినవాడి మీద ఇది రెండో దెబ్బ.

ఇక్కడ మన బాధ్యత కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. చికిత్సకు అనుమతి మొదలుకొని అంతా కంప్యూటరు ద్వారానే జరుగుతుంది. "తమ్ముడి కార్డు మీద అన్నయ్యను చేర్పిద్దాం, ఏమవుతుందిలే" అనుకునేవారు మనలో లేకపోలేదు. అది అబద్ధ సాక్ష్యమన్న సంగతి అలా ఉంచండి. అన్నయ్య రక్తపు గ్రూపు, అన్నయ్య జబ్బు, అన్నయ్యకు పడని మందు తమ్ముడి పేరు మీద నమోదవుతాయి. రేపు తమ్ముడు ప్రమాదంలో పడి స్పృహ లేకుండా ఆసుపత్రికి వస్తే ఆ రాతను నమ్మిన డాక్టరు ఏం చేస్తాడు? ఒక చిన్న అబద్ధం సొంత తమ్ముడి ప్రాణానికే ముప్పు కావచ్చు.

అనుమతి లేనిదే తలుపు తీయరాదు

కంప్యూటరు వచ్చాక మేలు ఎంతో జరిగింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఎవరైనా 14 అంకెల 'ఆభా' నంబరు తీసుకోవచ్చు. గాజువాకలో చేయించుకున్న పరీక్షను మహారాణిపేటలోని డాక్టరు చూడగలిగే ఏర్పాటు ఇది. రోగి మళ్ళీ అదే పరీక్షకు డబ్బు పోయనక్కరలేదు. పాత చీటీల సంచీ మోసుకు తిరగనక్కరలేదు. అయితే ఈ నంబరు తీసుకోవటం తప్పనిసరి కాదు. రోగి సమ్మతి ఇస్తేనే రికార్డు ఒకరి నుంచి మరొకరికి చేరాలి. ఇచ్చిన సమ్మతిని అతను వెనక్కి తీసుకోవచ్చు కూడా.

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడిగి, సలాం చెప్పి గాని ప్రవేశించవద్దని నూర్ సూరా (27) మనకు నేర్పింది. మనిషి ఇంటికే అంత గౌరవం ఉంటే అతని శరీరం గురించిన సమాచారానికి ఎంత ఉండాలి? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తన రికార్డు తాను పొందటం కూడా రోగి హక్కే. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును డాక్టరు మూడేళ్ళు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

చట్టాలున్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు దాడి చేస్తే, అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి చేతిరాతతో పని నడుపుకోవాల్సి వచ్చింది. కంప్యూటరుకు దైవభీతి లేదు. దాని ముందు కూర్చున్న మనిషికి ఉండాలి. ఆసుపత్రుల్లో డేటా ఎంట్రీ చేసే మన బిడ్డలు, ల్యాబుల్లో పనిచేసే సోదర సోదరీమణులు ఈ మాటను మనసులో పెట్టుకోవాలి. తెలిసినవారి పేరు తెరపై కనబడగానే కుతూహలంతో తెరిచి చూడటం కూడా తజస్సుస్ (కూపీలు తీయటం) కిందికే వస్తుంది. హుజురాత్ సూరా (12) దాన్ని నిషేధించింది.

దాచాలా? చెప్పాలా?

అయితే ప్రతి సందర్భంలోనూ దాచటమే ధర్మమా? ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1998లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. చెన్నైలోని ఒక ఆసుపత్రిలో రక్తం ఇచ్చిన వ్యక్తికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఆ సంగతి బయటికి వచ్చి అతని పెళ్ళి ఆగిపోయింది. తన రహస్యాన్ని బయటపెట్టారని అతను కోర్టుకెక్కాడు. వధువు ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు గోప్యత హక్కు అడ్డురాదని కోర్టు చెప్పింది. కానీ ఆ కేసులో మరో బాధ కూడా ఉంది. సంగతి ఊరంతా పాకి అతను సమాజంలో నిలవలేకపోయాడు. వధువుకు తెలియటం అవసరమే. ఊరందరికీ తెలియటం ఎవరికి అవసరం?

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ తేడాను గుర్తించింది. ముందు రోగికి నచ్చజెప్పి అతని చేతనే చెప్పించే ప్రయత్నం చేయాలి. అతను చెప్పడని తేలితే, అతనికి ముందుగా తెలియజేసి, ప్రమాదంలో ఉన్న జీవిత భాగస్వామికి మాత్రమే డాక్టరు చెప్పవచ్చు. క్షయ విషయమూ అంతే. 2012 నుంచి ప్రతి క్షయ రోగి వివరాన్నీ ప్రభుత్వానికి తెలపాలి. ఆరోగ్య శాఖకు తెలిస్తేనే ఇంట్లోవారికి పరీక్షలు జరుగుతాయి, మందులు అందుతాయి. అంతమాత్రాన ఆ కబురు వీధి చివరి టీ కొట్టుకు చేరనక్కరలేదు.

మన పండితుల దృష్టి కూడా ఇదే. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన పెళ్ళి సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ ఇద్దరిలో ఉన్న లోటును ఆమెకు చెప్పారు. ఇమామ్ నవవీ (రహ్మలై) రియాజుస్సాలిహీన్‌లో గీబత్ (పరోక్షనింద) దోషం కాని ఆరు సందర్భాలు వివరించారు. పెళ్ళి సలహా లాంటి విషయాల్లో ఒకరిని హాని నుంచి కాపాడటం అందులో ఒకటి. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది అవసరాన్ని బట్టి తేలుతుంది. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపే సోదరుడికి మూర్ఛ వస్తుంటే అక్కడి డాక్టరు నుంచి దాచటం పాపం. కింద పనిచేసేవారి ప్రాణాలు అతని చేతిలో ఉన్నాయి. ఆ మాటనే క్యాంటీనులో నలుగురి ముందు చెప్పటమూ పాపమే. తెలియవలసిన వాడికి దాచినా, తెలియనక్కరలేని వాడికి చెప్పినా ద్రోహం ఒక్కటే.

మన సెల్‌ఫోనులోని ఆసుపత్రి

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూద్దాం. పిన్ని గర్భసంచి ఆపరేషను రిపోర్టు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. "దుఆ చేయండి" అని కింద రాసి ఉంటుంది. ఆ గ్రూపులో మేనల్లుళ్ళు, వియ్యంకులు, ఎప్పుడో చేరిన పరిచయస్థులు కూడా ఉంటారు. పిన్నిని ఎవరైనా అడిగారా? దుఆకు రోగి పేరు చాలు, స్కానింగు కాగితం అక్కరలేదు. పిల్లలు కలగని కోడలి రిపోర్టులు అత్తగారి చెల్లెళ్ళ దాకా వెళ్ళటం మనం చూస్తూనే ఉన్నాం. ఆ రిపోర్టు ఆ అమ్మాయిది. దాన్ని పంచుకునే హక్కు కూడా ఆమెదే.

ఇంకా బాధాకరమైనది సహాయం కోసం చేసే విజ్ఞప్తి. రమజాన్ వచ్చిందంటే జబ్బుతో ఉన్న బిడ్డ ఫోటో, రిపోర్టు, తండ్రి ఫోను నంబరు ఫోను నుంచి ఫోనుకు తిరుగుతాయి. బిడ్డ కోలుకుని బడికి వెళ్ళే నాటికి కూడా ఆ ఫోటో తిరుగుతూనే ఉంటుంది. "వివరాలు లేకపోతే ఎవరు నమ్ముతారు? మోసగాళ్ళు ఎక్కువయ్యారు కదా" అని అడగవచ్చు. ఆ భయం సహేతుకమే. జకాతు ఇచ్చేవాడు విచారించి ఇవ్వాలి. అయితే విచారించటం వేరు, ప్రదర్శించటం వేరు. మస్జిద్ కమిటీలోని నమ్మకస్తులైన ఇద్దరు రిపోర్టులు చూసి, ఆసుపత్రితో మాట్లాడి, "ఒక బిడ్డకు గుండె ఆపరేషను ఉంది, ఇంత సొమ్ము కావాలి, మేము పరిశీలించాం" అని ప్రకటిస్తే చాలు. సొమ్ము నేరుగా ఆసుపత్రికే చెల్లించవచ్చు. దానం గుప్తంగా పేదలకు అందించటమే మేలని బఖరా సూరా (271) బోధిస్తోంది. ఇచ్చేవాడి పేరు మాత్రమే దాగి, తీసుకునేవాడి రోగం బజారున పడితే ఆ గోప్యతకు అర్థమేముంది?

మనిషి ఏదైనా చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానతని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. "ఎవరికీ చెప్పకు" అని అతను నోటితో అననక్కరలేదు. అతని చూపే చాలు. ఐసీయూలో పడుకున్న మనిషి అటూ ఇటూ చూడను కూడా లేడు. అతని తరఫున ఆ చూపు చూడవలసింది మనమే.

కనుక పాఠకులారా! ఈ రోజే ఇంట్లోవారి రిపోర్టులను ఒక ఫైలులో తేదీల వారీగా అమర్చండి. పడని మందుల పేర్లు మొదటి కాగితంపైనే రాసి ఉంచండి. డాక్టరు దగ్గర నిజం దాచకండి. మీ ఫోనులోని ఇతరుల రిపోర్టులను తుడిచేయండి. ఎవరి కాగితాన్నయినా ముందుకు పంపేముందు "ఇది ఇతనికి తెలియటం అవసరమా? రోగి ఒప్పుకున్నాడా?" అని రెండు ప్రశ్నలు వేసుకోండి. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించేవారిలో అల్లాహ్ మనందరినీ చేర్చుగాక! జబ్బుతో ఉన్న ప్రతి ఒక్కరికీ స్వస్థతనూ, గౌరవాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.