కడుపుకి ఉపవాసం, మరి నాలుకకి?

తెలుగువాళ్ళం ఉపవాసాన్ని ఎంత గౌరవించామో, దాన్ని తప్పించుకునే దారులు కూడా అంత శ్రద్ధగానూ కనిపెట్టాం. ‘ఫలాహారం’ అన్న మాటే చూడండి. పళ్ళు మాత్రం తిని ఉండడమని దాని అర్థం. అది మన వంటిళ్ళలోకి వచ్చేసరికి దీర్ఘం పోగొట్టుకుని ‘ఫలహారం’ అయింది. ఆ ఫలహారం ఇడ్లీ అయింది, ఉప్మా అయింది, శనివారం రాత్రి అల్లంపచ్చడితో నాలుగు పెసరట్లయింది. అన్నం ముట్టలేదు కదా, ఉపవాసం ఉన్నట్టే! మా నాన్నగారు శనివారం రాత్రి ఉపవాసమంటే మా అమ్మకి మామూలు రోజు కంటే గంట పని ఎక్కువ. కుక్కరు దింపితే అయిపోయేదానికి పెసలు నానబోసి, రుబ్బి, అట్లు ఒక్కొక్కటే వేడివేడిగా అందించాలి. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో నాకిప్పటికీ అనుమానమే.

ఉపవాసమంటే దగ్గరగా ఉండడమని పెద్దలు చెబుతారు. దేవుడికి దగ్గరగా అన్నమాట. ఈ కాలం ఉపవాసాలు మాత్రం బరువు చూసుకునే మిషనుకి దగ్గరగా ఉంటున్నాయి. అందులో వెక్కిరించాల్సిందేమీ లేదు లెండి. ఇన్ని తరాలుగా మొగుడి ఆయుష్షు కోసం, పిల్లల చదువుల కోసం కడుపు మాడ్చుకున్న ఆడది ఇన్నాళ్ళకి తన ఒంటి కోసం ఒక పూట మానేస్తానంటే నేను సంతోషించేదాన్నే గాని కాదనేదాన్ని కాదు.

హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు ఏడాదిగా ఈ కొత్త ఉపవాసం చేస్తోంది. ‘ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్’ అంటారు. రాత్రి 8 గంటలకి కంచం కడిగేస్తే మళ్ళీ మర్నాడు మధ్యాహ్నం 12కే తిండి. 16 గంటలు ఖాళీ, 8 గంటలు భోజనం. 2012లో మైకేల్ మోస్లీ అనే ఆయన బి.బి.సి.లో ఇలాంటి ఉపవాసాల మీద ఒక కార్యక్రమం చేశాక ఇది ఊరూరా పాకింది. కణం తనలోని పాత సామానుని తానే తినేసి శుభ్రం చేసుకునే పద్ధతిని ఈస్టులో కనిపెట్టి వివరించినందుకు 2016లో జపాను దేశపు యొషినొరి ఓసుమికి నోబెల్ బహుమానం వచ్చాక ఇంకా ఊపందుకుంది. పొద్దున్న ఇడ్లీ మానేస్తే మన ఒళ్ళంతా తళతళలాడిపోతుందని ఆయన ఎక్కడా అనలేదు. కాని ఉత్సాహం ఊరుకుంటుందా?

మా చెల్లెలి ఉపవాసానికి తోడు ఒక డబ్బా ఉంది. డైట్ కోలా. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఒకటి, పదకొండుకి ఇంకోటి. మొన్న వేసవిలో నాలుగు రోజులుందామని మా ఇంటికొచ్చినప్పుడు ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల పక్కన ఆ డబ్బాలు బారులు తీర్చింది. ఆవేళ ఏకాదశి. మా అత్తగారు ఉపవాసం. ఏకాదశి ఇంటికి శివరాత్రి వచ్చినట్టు ఇద్దరూ హాల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఈవిడ చేతిలో చక్కెర వేసిన పాలగ్లాసు, పక్కనే రెండు అరటిపళ్ళు. దాని చేతిలో చల్లటి డబ్బా.

“ఉపవాసమన్నావు కదమ్మా, ఆ తియ్యనీళ్ళేమిటి?” అన్నారు మా అత్తగారు.

“ఇందులో ఏమీ లేదండీ అత్తయ్యగారూ, సున్నా కేలరీలు.”

“ఏమీ లేనిదాన్ని డబ్బిచ్చి కొన్నావా?”

నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. మా చెల్లెలు తక్కువదా? “మీ పాలల్లో చక్కెర ఉంది కదండీ, మరి మీది ఉపవాసమెలా అయింది?” అంది.

“నేను దేవుడికి చెప్పి తాగుతున్నాను,” అన్నారావిడ, గ్లాసు ఖాళీ చేసి.

మా చెల్లెలు నా వైపు తిరిగింది. “అక్కా, నువ్వు బి.ఏ.లో ఫిలాసఫీ చదివావు కదా. చెప్పు, నేను ఉపవాసం ఉన్నట్టా, లేనట్టా?”

డిగ్రీ పుచ్చుకుని ఇరవై ఏళ్ళు దాటాక అది పనికొచ్చే రోజొకటి వచ్చింది!

ముందు లెక్క చూద్దాం. 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ఏడెనిమిది చెంచాలు. డైట్ డబ్బాలో ఆ చక్కెర బదులు అస్పర్టేమ్‌లాంటిది వేస్తారు. చక్కెర కంటే దాదాపు 200 రెట్లు తీపి కాబట్టి చిటికెడు కూడా అక్కర్లేదు, దానివల్ల ఒంటికి చేరే శక్తి లెక్కలోకి రాదు. కాబట్టి కేలరీల పద్దు ప్రకారం మా చెల్లెలిది నికార్సైన ఉపవాసం. మా అత్తగారిది కాదు.

ఒంటి సంగతి అంత తేలిగ్గా తేలదు. గంట వినగానే పావ్‌లోవ్ కుక్కలకి నోరూరినట్టే, నాలుక మీద తీపి తగలగానే వెనకాల చక్కెర వస్తోందనుకుని ఒళ్ళు ఇన్సులిన్‌తో ఎదురు చూస్తుందా అని శాస్త్రజ్ఞులు పరీక్షలు చేశారు. కొన్నింటిలో అవునని తేలింది, కొన్నింటిలో కాదని. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో, బరువు అదుపులో ఉంచుకోవడానికి ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని సలహా ఇచ్చింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని కూడా చెప్పింది. ఇది అంగీకరించేసి ముందుకు పోదాం. నా సందేహం కడుపు దగ్గర లేదు, నాలుక దగ్గరుంది.

అసలు ఈ తీపి పుట్టుకే నాలుక చాపల్యంతో ముడిపడింది. 1879లో ఫాల్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. అదే శాకరిన్. 1965లో ష్లాటర్ అనే ఆయన అల్సరు మందు కోసం పనిచేస్తూ కాగితం తీసుకోబోయి వేలు తడి చేసుకుంటే అస్పర్టేమ్ దొరికింది. 1976లో లండన్‌లో మన శశికాంత్ ఫడ్నిస్‌ని ఒక పదార్థాన్ని ‘టెస్ట్’ చెయ్యమంటే ఆయనకి ‘టేస్ట్’ అని వినపడి నోట్లో వేసుకున్నాడు. చక్కెర కంటే 600 రెట్లు తీపి ఉన్న సుక్రలోజ్ అలా బయటపడింది. మా అమ్మే గనక ఆ లాబొరేటరీల్లో ఉండుంటే ఎంగిలి వేళ్ళు చూసి ముగ్గురినీ బయటికి తోలి ఉండేది, ప్రపంచానికి ఈ బాధా ఉండేది కాదు.

నాలుకకీ గొంతుకీ మధ్య గీత ఎక్కడ గియ్యాలన్నది ఇవాళ పుట్టిన ప్రశ్న కాదు. మన ఇళ్ళలో నైవేద్యం పెట్టేదాకా వంట రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో పులుసు మరిగే వాసన బట్టి చెప్పేది మా అమ్మ. మా ఎదురింటి బీబీగారు రోజా ఉన్నప్పుడు మంచినీళ్ళు కూడా ముట్టరు. అయినా ఇఫ్తార్‌కి వండేటప్పుడు కావాలంటే నాలుక చివర ఉప్పు చూసి ఉమ్మేయవచ్చట, మింగితేనే తప్పట. ఆకలికి ఆగలేని భీముడికి వ్యాసులవారు ఏడాదికొక్క జ్యేష్ఠ ఏకాదశి చాలన్నారు, కాని ఆ ఒక్కరోజూ నీటిచుక్క ముట్టకూడదన్నారు. ఇన్ని రకాల ఉపవాసాల్లో ఏది అసలు, ఏది నకిలీ?

నాకు తోచేదేమిటంటే, ఉపవాసం ఒక మాట ఇవ్వడం. ఏ మాట ఇచ్చామో దాన్ని బట్టే అది నిలిచిందా తప్పిందా అని చూడాలి. 1943 ఫిబ్రవరిలో పూనా ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి గాంధీగారు 21 రోజులు ఉపవాసం చేశారు. ఉత్త నీళ్ళు ఒంటికి పడటం లేదు కాబట్టి ఈసారి నీళ్ళలో నిమ్మజాతి పళ్ళరసం కలుపుకుంటానని, చనిపోవడం తన ఉద్దేశం కాదని, మొదలెట్టకముందే వైస్రాయికి రాశారు. ముందే చెప్పారు కాబట్టి ఆ రసం ఉపవాసంలో భాగమైంది. ఎవరికీ చెప్పకుండా తాగి ఉంటే అదే రసం దొంగతనమయ్యేది. మా అత్తగారు “దేవుడికి చెప్పి తాగుతున్నాను” అన్నది నవ్వులాటకి కాదన్నమాట.

మా చెల్లెలు మాటిచ్చింది బరువు మిషనుకి. ఆ మాట అది తప్పలేదు. దాన్ని దొంగ ఉపవాసం అనడానికి ఎవరికీ హక్కు లేదు. పేచీ వేరేచోట ఉంది. అదే అమ్మాయి ఫోనులో నాతో చాలాసార్లు అంది, “నాకిప్పుడు నిగ్రహం వచ్చిందక్కా, తీపి మీద మోజు పోయింది” అని. ఇక్కడ నేను ఒప్పుకోను. మోజు ఎక్కడ పోయింది? గంటన్నరకోసారి దానికి డబ్బాతో నైవేద్యం పెడుతూనే ఉందిగా! కేలరీల పద్దులో డబ్బు కట్టి, నిగ్రహం పద్దులో రశీదు అడిగితే ఏ బ్యాంకులో ఇస్తారు? బ్యాంకు ఉద్యోగికి నేను చెప్పాలా?

ఆ సాయంత్రం డాబా మీద ఈ మాటే దానితో అన్నాను. దానికి కోపం వచ్చింది.

“నీకేం అక్కా, ఇంట్లో కూర్చుని రాసుకుంటావు. మా ఆఫీసులో రోజూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు. కేకు, సమోసాలు, ‘ఒక్క ముక్క మేడమ్’ అంటూ నోటిదాకా తెచ్చేవాళ్ళు. చేతిలో ఆ డబ్బా ఉంటే బలవంతం చెయ్యరు.” కాసేపాగి, “నాన్న కాలు మర్చిపోయావా?” అంది.

మర్చిపోలేదు. పెసరట్ల ఉపవాసాలు చేసిన మా నాన్నగారికి యాభై దాటాక షుగరు బయటపడింది. చివరి రోజుల్లో కాలి బొటనవేలు తీసేశారు. డ్రెస్సింగుకి దగ్గరుండి తీసుకెళ్ళింది మా చెల్లెలే, అప్పుడది కాలేజీ పిల్ల. నిరుడు దాని రక్తపరీక్షలో అంకె గీత దగ్గరికొచ్చి నిలబడింది. ఆ కాగితం చూసిన రోజే ఈ ఉపవాసం మొదలెట్టింది. అంటే దాని పదహారు గంటల వెనక ఉన్నది ఫాషనూ కాదు, నడుం కొలతా కాదు. భయం.

నాన్నగారి జేబులో ఎప్పుడూ ఒక చిన్న డబ్బా ఉండేది. నొక్కితే ఒక్క మాత్ర పడేది, అది కాఫీలో వేసుకుని ఆయన ముఖం విప్పారేది. అది అబద్ధపు తీపి అని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ అబద్ధం లేకపోతే ఆయనకి రోజులో మిగిలిన సుఖం ఏదీ లేదు. అందుకే ఈ మాత్రలనీ డబ్బాలనీ నేను అసహ్యించుకోలేను. తల్లి పొయ్యి దగ్గరున్నప్పుడు పసివాడి నోట్లో ఉత్త రబ్బరు పీక పెట్టడం లాంటిదది. ఏడుపు ఆపుతుంది, పాలివ్వదు. పెట్టిన తల్లిని ఎవరు తప్పుపడతారు? కాకపోతే ఆ పీకే పాలని తల్లి అనుకోకూడదు, అంతే.

నాన్నకీ చెల్లెలికీ ఒక్క తేడా మాత్రం ఉందనిపిస్తుంది. ఆయన తీపి పోగొట్టుకున్నవాడు. ఇది ఇంకా పోగొట్టుకోలేదు. దానికి నిజం తీపి దొరికే దారి ఉంది. ‘ఆకలి రుచెరుగదు’ అంటారు కదా, ఆ సామెతతో నాకు చిన్నప్పటినుంచీ తగాదా. కార్తీక సోమవారం నాడు పగలంతా ఉండి, చుక్క కనపడ్డాక దీపం పెట్టి, అమ్మ వడ్డించిన కందిపప్పూ నెయ్యీ కలిపిన మొదటి ముద్ద ఎంత తియ్యగా ఉండేదో తిన్నవాళ్ళకే తెలుసు. అన్నం బాగా నమిలితే ఉమ్మితో కలిసి కొంత చక్కెరగా మారుతుందని హైస్కూల్లో సైన్సు మాస్టారు చెబితే మా క్లాసులో నేనొక్కదాన్నే ఆశ్చర్యపోలేదు. ఆకలికి రుచి తెలుసు. అది వినగలిగేది నెమ్మదిగా పలికే తీపిని. చెవి పక్కన మైకు పెట్టి 200 రెట్లు అరుస్తుంటే బియ్యపు గింజ గొంతు వినపడుతుందా? “పన్నెండింటికి తినే అన్నం కూడా ఏమంత రుచిగా ఉండదక్కా, మందు మింగినట్టు తింటాను,” అని మా చెల్లెలే అంది. అంత కష్టపడి పదహారు గంటలు కూడబెట్టిన ఆకలి చివర్లో అలా వృథా అయిపోవడం నాకు బాధగా తోచింది. ఇదీ దానితో అన్నాను. అది మాట్లాడకుండా కిందికి వెళ్ళిపోయింది.

తర్వాత నెలరోజులకి ఫోను చేసింది. పదకొండు గంటల డబ్బా మానేసిందట. మొదటి రెండు రోజులూ ఒకటే తలనొప్పి. తీపి కోసమనుకుని డబ్బా తిప్పి చదివితే అందులో కెఫీన్ కూడా ఉంది, కాఫీ మానేసినవాళ్ళకి వచ్చే నొప్పే అది. తొమ్మిదిన్నర డబ్బా మాత్రం ఇంకా ఉందంది. నేనేమీ అనలేదు.

“అక్కా, పదకొండింటికి దాని బదులు పల్చటి మజ్జిగ ఉప్పేసుకుని తాగొచ్చా?”

చిక్కు ప్రశ్నే వేసింది. మజ్జిగలో కాసిని కేలరీలు ఉంటాయి కాబట్టి మిషనుకిచ్చిన మాట తప్పినట్టు. నాలుకకి ఆశ పెట్టేదేమీ కాదు కాబట్టి నా లెక్కలో తప్పనట్టు. డబ్బా సంగతికి సరిగ్గా తిరగేసిన సంగతి. ఏం చెప్పాలా అని నేను రిసీవరు పట్టుకుని ఆలోచిస్తుంటే వరండాలో కూర చిదుపుతున్న మా అత్తగారు తలెత్తకుండానే అన్నారు.

“తాగమను. బయట ఎండ చూడు ఎలా కాస్తోందో.”