తెరిచి చూడని డ్రమ్ము

ఏమీ జరగలేదు కదా, ఇంక తప్పేముంది? కొన్నాళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

పోయిన నెల చెల్లెలి పెళ్లి చీరలకని అమ్మనీ పిన్నినీ ఎక్కించుకుని హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లాను. నాన్న కొన్న పాత కారు. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. అంతకు ముందే రెండుసార్లు బ్రేక్ ఆయిల్ తగ్గింది. ప్యాడ్లు అరిగితే మట్టం తగ్గుతుందిలే అని మళ్లీ పోసేశాను. పెనుకొండ దాటాక గొర్రెల మంద అడ్డమొస్తే గట్టిగా తొక్కాను. బండి కుడివైపుకి లాగి ఆగింది. రోడ్డు వాలుగా ఉందిలే అనుకున్నాను. ధర్మవరంలో అమ్మ మాత్రం ప్రతి చీరనీ తిరగేసి, వెనకవైపు జరీ పోగులు చూసి గానీ ఒప్పుకోలేదు.

క్షేమంగానే తిరిగొచ్చాం. వారం తర్వాత మెకానిక్ వెనక డ్రమ్ములు ఊడదీశాడు. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పీల్చకూడదు. ఎడమ వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తగానే ఆయిల్ కారింది. బ్రేక్ షూ తడిసిపోయి ఉంది.

"ఎప్పుడు ఇప్పించినారు సార్ ఇది?"

నా దగ్గర జవాబు లేదు. సిలిండర్ మార్చి, పట్టు సమానంగా ఉండాలని రెండు వైపులా కొత్త షూలు వేశాడు.

1877లో క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ గణితవేత్త ఒక వ్యాసంలో ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతది, అతనికి అనుమానముంది. ఇన్నిసార్లు వెళ్లొచ్చింది కదా అని తనకు తానే నచ్చజెప్పుకుని, వలసపోయే జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది. ఒకవేళ మునగకుండా తిరిగొచ్చినా అతని తప్పు రవ్వంత కూడా తగ్గదంటాడు క్లిఫర్డ్.

చదివినప్పుడు ఇది అతి అనిపించింది. అన్నీ విప్పి చూసుకుంటూ కూర్చుంటే బతుకు సాగదు. ఎక్కే ప్రతి లిఫ్టునీ, బస్సునీ నమ్మాల్సిందే. కానీ ఏ సూచనా లేక తెలియకపోవడం వేరు, సూచన కనిపించాక తెలుసుకోకుండా ఉండడం వేరు. పైగా ప్యాడ్లు అరిగితే ఆయిల్ మట్టం తగ్గుతుందన్నది అబద్ధం కాదు. ఆ సంగతి తెలియనివాడైతే భయపడి నేరుగా షెడ్డుకి పోయేవాడు. నా ఇంజినీరింగ్ చదువు నాకు వంక అందించింది.

అమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు: "ఏమీ కాలేదు గదా, పోనీలే నాయనా."

ఆ మాట ఆమె నోట వినడానికే భయం.