పువ్వుకు ఇచ్చిన చోటు

1915లో జార్జియా ఓకీఫ్ అమెరికాలోని సౌత్ కరోలినాలో, ఒక కాలేజీలో చిత్రలేఖనం నేర్పేది. ఆ ఏడు తన బొమ్మలన్నీ గది చుట్టూ పేర్చుకుని చూసుకుంది. ఇది ఫలానా మాస్టారికి నచ్చాలని వేసింది, అది ఇంకెవరో మెచ్చాలని వేసింది. అచ్చంగా తనదనుకోదగ్గది ఏదీ కనిపించలేదు. రంగులన్నీ పక్కన పెట్టేసి, తెల్ల కాగితం మీద బొగ్గుతో మళ్లీ మొదలుపెట్టింది.

ఒక కళాకారుడి మీద ఎవరి ప్రభావం ఉందో తెలుసుకోవాలంటే మనం పోలికలు వెతుకుతాం. ఓకీఫ్ దగ్గర ఆ వెతుకులాట ఎంతో దూరం సాగదు. న్యూయార్క్‌లో ఆమెకు పాఠం చెప్పిన విలియం మెరిట్ చేజ్ తైలవర్ణాల్లో చేయి తిరిగినవాడు. చచ్చిన కుందేలునూ రాగి పాత్రనూ కలిపి వేసిన బొమ్మకు 1908లో ఆయన తరగతి బహుమతి ఆమెకే వచ్చింది. ఆ ఏడే ఆమె బొమ్మలు వేయడం మానేసింది. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉన్న మాట నిజమే. కానీ ఎందరో అంత అందంగా వేసేసినదాన్నే మళ్లీ నేనెందుకు వేయాలన్న ప్రశ్న అంతకన్నా బలంగా పనిచేసిందని నా నమ్మకం.

మళ్లీ కుంచె పట్టించింది ఆర్థర్ వెస్లీ డౌ ఆలోచన. 1912 వేసవిలో వర్జీనియాలో విన్న పాఠాల ద్వారా అది ఆమెను చేరింది. డౌ జపాన్ చిత్రాలను శ్రద్ధగా చదువుకున్న మనిషి. ఉన్నదాన్ని ఉన్నట్టు దించడం తర్వాత సంగతి, ముందు కాగితం మీది చోటును గీతతో, వెలుగునీడలతో, రంగుతో ఎలా నింపాలో తెలియాలంటాడు. ఆమె బొగ్గు చిత్రాల్లో ఆ పాఠం ఉంది, డౌ లేడు. గురువు రుణం ఇంతకన్నా గౌరవంగా తీర్చుకోవచ్చని నేననుకోను.

1924లో ఆమె ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌ను పెళ్లాడింది. పెద్ద పూల చిత్రాలు మొదలైందీ ఆ రోజుల్లోనే. గిన్నెలనూ నీడలనూ అతి దగ్గరనుంచి, అంచులు తెగిపోయేలా తీసిన పాల్ స్ట్రాండ్ ఫొటోలు అప్పటికే ఆమె చూసి ఉంది. రేకులు చట్రం దాటి పోవడంలో ఆ చూపు కనిపిస్తుంది. పువ్వు చిన్నది, చూడటానికి తీరిక కావాలి, ఆ తీరిక లేని న్యూయార్క్ జనం కూడా ఆగాలంటే దాన్ని పెద్దగా వేయాలన్నది ఆమె వాదన. విమర్శకులు ఆ రేకుల్లో స్త్రీ శరీరాన్ని చూశారు. ఆమె ఏళ్ల తరబడి కాదంటూనే వచ్చింది. నేను ఆమె మాటే నమ్ముతాను. పువ్వును పువ్వుగా చూడటానికే ఒక జన్మ చాలదు.

1932లో ఆమె వేసిన ‘జిమ్సన్ వీడ్’ పువ్వు మన ఉమ్మెత్త జాతిదే. ఇక్కడ అది దిబ్బల పక్కన, బీళ్లలో మొలుస్తుంది. విషమని పిల్లల్ని ముట్టుకోనివ్వం, శివుడి పూజకు మాత్రం మనమే వెతికి కోసుకొస్తాం. సాయంత్రం విచ్చి మర్నాటి ఎండకు వడిలిపోయే ఆ తెల్ల పువ్వు ఒక్కదానికి ఆమె నాలుగడుగుల ఎత్తు కాన్వాసు ఇచ్చింది. 2014 వేలంలో అది 4 కోట్ల 44 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ ధర కన్నా, దారి పక్క మొక్కకు అంత చోటు ఇవ్వాలనిపించిన మనసు నాకు ముఖ్యం.

కొండలదీ అదే కథ. 1929 నుంచి న్యూ మెక్సికోకు వెళ్లివస్తూ, 1949లో అక్కడే స్థిరపడింది. ఘోస్ట్ రాంచ్ ఇంటి నుంచి కనిపించే పెదర్నాల్ అనే బల్లపరుపు కొండను లెక్కలేనన్నిసార్లు వేసింది. తగినన్నిసార్లు వేస్తే ఆ కొండను తనకిచ్చేస్తానని దేవుడు మాటిచ్చాడనేది. చాలామంది దీన్ని చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది భక్తుల మాటలాగే వినిపిస్తుంది. రోజూ చూసే మూర్తినే రోజూ కొత్తగా అలంకరించే అర్చకుడికి ఆ బేరం అర్థమవుతుంది.

1970లు వచ్చేసరికి ఆమె కంటిచూపు నడిమి భాగం మసకబారింది. ఎవరి సాయమూ లేకుండా వేసిన చివరి తైలవర్ణ చిత్రం 1972 నాటిది. ఆ తర్వాత ఒక యువ శిల్పి దగ్గర మట్టిపని నేర్చుకుని చేత్తో కుండలు చేసింది. ఎనభై దాటిన వయసులో, కన్ను చేసే పనిని వేళ్లకు అప్పగించడాన్ని నేను రాజీ అనను. కుండకైనా రూపం ఇవ్వాల్సింది చోటుకే. కాకపోతే అక్కడ చోటు గోడకు లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది, రెండిటినీ ఒకేసారి తడిమి తెలుసుకోవాలి.