ఏమీ చెయ్యనివాళ్ళు

మా హిందూపురానికి చుట్టాలొస్తే లేపాక్షి చూపించకుండా పంపం. బసవన్నను చూశాక అందరూ వేలాడే స్తంభం దగ్గర చేరతారు. దానికిందుగా కండువా యిటునుంచి అటు లాగి, "నేలకు ఆనడమే లేదే, మరి యిదెందుకు?" అంటారు. వెనకటికెవరో ఇంజనీరు దొర దాన్ని కదిలించబోతే పైకప్పే కదిలిందని చెప్పుకుంటారు.

ఆ కథ ఎంత నిజమో గాని, అలాంటిది ఇంగ్లండులో నిజంగానే జరిగింది. 1996లో ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఆడ్రియన్ థాంప్సన్ అనే ఆయన, రెండు రకాల ధ్వనులను వేరుచేసి చెప్పే సర్క్యూట్ కావాలనుకున్నాడు. తాను గీసి యివ్వలేదు. అల్లిక మార్చుకోగల చిప్పులో 100 గళ్ళు తీసుకుని, ఎలాపడితే అలా 50 అల్లికలు పుట్టించాడు. వాటిలో మెరుగైనవి ఏరి, ఒకదానితో ఒకటి కలిపి, అక్కడక్కడా మార్చి మరో 50. మనవైపు విత్తనానికి మంచి పట్టుగూళ్ళు ఏరిపెట్టినట్టే! వేల తరాలు గడిచాక సర్క్యూట్ తనంతట తానే పని నేర్చుకుంది.

చిత్రమేమిటంటే, కొన్ని గళ్ళకు ఫలితం వచ్చే దారితో సంబంధమే కనబడలేదు. దండగ కదా అని వాటి నోరు కట్టేస్తే సర్క్యూట్ తడబడింది!

ఇది చదివి నేను కాస్త సిగ్గుపడ్డాను. మావారి మేనత్త మా దగ్గరే వుంటుంది. వీధరుగుమీద కూర్చుని దగ్గడం తప్ప ఆవిడ చేసే పనేమిటని లెక్కలు వేసి, నేనే ఆవిణ్ణి బెంగుళూరులో బావగారింటికి పంపించాను. ఆ తర్వాత పిల్లలు దీపాలవేళకు యిల్లు చేరడం మానేశారు. మేమిద్దరం మాటామాటా అనుకుంటే మధ్యలో ఆపే దగ్గు లేదు. రెండు నెలలకే వెళ్ళి తీసుకొచ్చాను.

కథ యిక్కడితో ముగిస్తే బాగానే వుండేది. కానీ మా అమ్మాయి అడిగింది: "అయితే అమ్మా, ఆవిడ దగ్గు పనికిరాకపోతే తెచ్చేదానివి కాదా?"

నాకు నోట మాట రాలేదు. చిప్పుకు ఒకటే పరీక్ష - ధ్వనిని సరిగా గుర్తుపట్టిందా లేదా. ఆ పరీక్షకు అందని గడి తీసేసినా పాపం లేదు. యింటికి అలాంటి కొలబద్ద ఎవరు చేశారు? జీతం కొలబద్ద అయితే నేనూ ఏమీ చెయ్యనిదాన్నే! అయినా మనిషిని తీసేసి చూసి విలువ తెలుసుకోవడం పరీక్ష కాదండీ, అపచారం. పనికొస్తుందని కాదు, మన మనిషని వుంచుకోవాలి. పనికి రావడం ఆ తర్వాతి మాట.

ఆవిడకు యింకా ఆ మాట చెప్పలేదు. ఈ సాయంత్రం అరుగుమీద పక్కన కూర్చుని చెప్పాలి.